ముక్కూ మొహం తెలియనివాళ్లకు మన రాత చూపించడం

మూడేళ్ల కిందట మా అమ్మ చెవి మిషన్ గురించి ఒకటి రాశాను. ఆమెకి వినికిడి తగ్గడం, మిషన్ పెట్టుకోనని మొండికేయడం, చివరికి పెట్టుకున్న రోజు గోడ గడియారం చప్పుడు విని "ఇదెప్పట్నుంచి ఇలా కొట్టుకుంటోంది?" అని అడగడం. ఇంట్లోవాళ్లు చదివి కళ్లు తుడుచుకున్నారు. స్నేహితులు చింపేశావన్నారు. నాకేమో లోపల అనుమానం. కాకిపిల్ల కాకికి ముద్దంటారు కదా, చదివినవాళ్లంతా ఆ గూటివాళ్లే.

అందుకని ఆన్‌లైన్లో ఏ పరిచయమూ లేని 40 మందికి ఒకే మెసేజ్ పెట్టాను. "నమస్తే అండీ, కొత్తగా రాస్తున్నాను. నా రాతలు చదివి ఎలా ఉన్నాయో నిర్మొహమాటంగా చెప్పగలరు." దానికి తోడు ఒకటి కాదు, 11 రచనలు తగిలించాను. ఏడుగురు జవాబిచ్చారు. నలుగురు "బాగుందండి" అన్నారు. ఒకరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఒకరు "నిడివి ఎక్కువ" అన్నారు. ఇంకొకాయన నా ఒత్తులూ దీర్ఘాలూ సరిచేసి, ఇంత మాత్రం భాష రానివాళ్లు రాయడం ఎందుకని కూడా అడిగాడు. మిగతా 33 మంది నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు.

అడగందే అమ్మైనా పెట్టదు, నిజమే. నేను అడిగాను, కానీ ఏం కావాలో చెప్పలేదు. ఆ తప్పు నాదేనని ఒప్పుకోడానికి వారం పట్టింది.

"ఎలా ఉంది?" అని అడిగితే ఎదుటి మనిషిని తీర్పరి కుర్చీలో కూర్చోబెట్టినట్టు. తెలియనివాళ్లెవరూ ఆ కుర్చీ కోరుకోరు. బాగోలేదంటే మనం నొచ్చుకుంటామేమో, గొడవకి దిగుతామేమో, వాళ్లకేం తెలుసు? "బాగుంది" అనేస్తే ఏ తంటా ఉండదు. దాని బదులు, చదువుతున్నప్పుడు వాళ్లకి ఏమైందో అడగండి. ఎక్కడ విసుగొచ్చిందో, ఎక్కడ తికమకపడ్డారో వాళ్లు తప్ప ఇంకెవరూ చెప్పలేరు. దానికి సాహిత్యం తెలిసి ఉండక్కర్లేదు, చెప్పింది తప్పవుతుందన్న బెంగా లేదు.

రెండోసారి నేను పంపిన మెసేజ్ ఇది. కావాలంటే మాటలు మార్చుకుని వాడుకోండి.

"నమస్తే. మీరు మీ పాత ఇంటి గురించి రాసింది చదివాను. తాళంచెవి ఇంకా దాచుకున్నానన్న చోట కాసేపు ఆగిపోయాను. నేను మా అమ్మ వినికిడి గురించి ఒకటి రాశాను, 700 మాటలు, ఆరేడు నిమిషాల్లో అయిపోతుంది. వీలైతే మూడు సంగతులు చెప్పండి. ఎక్కడ ఆపేయాలనిపించింది? ఎక్కడ వెనక్కెళ్లి మళ్లీ చదవాల్సొచ్చింది? చదివాక అమ్మ ఎలాంటి మనిషనిపించింది? సగంలో ఆపేసినా పర్లేదు, ఎక్కడ ఆపారో చెబితే చాలు. వీలు కాకపోతే జవాబివ్వకపోయినా ఏమీ అనుకోను."

మొదటి మాట వాళ్ల రాత గురించి. పొగడ్త కోసం కాదు, నిజంగా చదివాకే రాయాలి. చదవకుండా "మీ రచనలు అద్భుతం" అంటే ఇట్టే పట్టేస్తారు, ఎందుకంటే వాళ్లకీ అలాంటివి వస్తూనే ఉంటాయి. నిడివి ముందే చెప్పడం వాళ్ల టైముకి మనమిచ్చే మర్యాద. ఒక్క రచనే పంపాలి. ఫైలు రూపంలో పంపొద్దు, తెలియని మనిషి పంపిన ఫైలు తెరవడానికి ఎవరైనా భయపడతారు, భయపడాలి కూడా. ఇక "సగంలో ఆపేసినా పర్లేదు" అన్న మాట ఉందే, మొత్తం మెసేజ్‌లో దానికున్న విలువ దేనికీ లేదు. ఆ మాట లేకపోతే సగంలో ఆపినవాళ్లు మొహమాటపడి అసలు జవాబే ఇవ్వరు. మనకి అందరికన్నా ఎక్కువ పనికొచ్చేది వాళ్లే. ఒకావిడ "నాలుగో పేరాలో ఆపేశానండీ, క్షమించండి" అని ఒక్క ముక్క రాసింది. ముందటి ఏడు జవాబులూ కలిపినా దాని పాటి చేయవు.

ఈసారి ఐదుగురికే పంపాను. ఈ లెక్క నేను కనిపెట్టింది కాదు. కంప్యూటర్ ప్రోగ్రాములు వాడేవాళ్లకి ఎక్కడ ఇబ్బంది అవుతోందో పరీక్షించే జేకబ్ నీల్సన్, 2000లో ఒక వ్యాసం రాశాడు. ఒక్కో మనిషి దగ్గర సగటున 31 శాతం లోపాలు బయటపడతాయి, ఐదుగురు వాడేసరికి దాదాపు 85 శాతం తేలిపోతాయి, ఆ తర్వాత వచ్చేవాళ్లు చాలావరకు అవే చోట్ల తడబడతారు అని ఆయన లెక్క. రాత ప్రోగ్రాము కాదు కాబట్టి ఆ శాతాలు మనకి అచ్చంగా అతకవు. నేను పట్టుకున్నది ఆయన చెప్పిన ఇంకో సంగతి. పదిహేను మంది దొరికితే అందరికీ ఒకేసారి చూపించకండి. ఐదుగురికి చూపించి, దిద్దుకుని, కొత్త ఐదుగురికి చూపించండి. రాత విషయంలో ఇది మరీ ముఖ్యం. ఒక మనిషి మన రచనని మొదటిసారి చదివేది ఒక్కసారే. రెండోసారి చూపించేసరికి వాళ్లకి కథ తెలిసిపోయి ఉంటుంది, మన బంధువుల్లో కలిసిపోతారు.

ఆ ఐదుగురిలో ముగ్గురు నాకు సంతాపం చెప్పారు.

అమ్మ పక్క గదిలోనే ఉంది, టీవీ సౌండ్ ఇల్లంతా మోగిస్తూ. ఏం జరిగిందో అర్థం కాక రచన మళ్లీ తీసి చూశాను. మొదటి నుంచి చివరిదాకా "అమ్మ నవ్వేది", "అమ్మకి నిశ్శబ్దమంటే ఇష్టం ఉండేది" అని రాశాను. చివరి వాక్యమేమో ఆగిపోయిన గడియారం మీద. చదివిన మనిషి ఇంకేమనుకుంటారు? మా ఇంట్లో పదిమంది చదివినా ఈ సంగతి ఒక్కరికీ తట్టదు, అమ్మ బతికే ఉందని వాళ్లకి తెలుసు కాబట్టి. పరాయివాళ్లకి ఎందుకు చూపించాలని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. నేరుగా "అమ్మ బతికున్నట్టు అర్థమైందా?" అని అడిగి ఉంటే ముగ్గురూ అవుననే అనేవాళ్లు. "ఎలాంటి మనిషి?" అని వదులుగా అడిగాను కాబట్టి బయటపడింది.

జవాబు వచ్చాక నోరు కట్టేసుకోవాలి. అన్నిటికన్నా కష్టం ఇదే. డామన్ నైట్ అనే సైన్స్ ఫిక్షన్ రచయిత 1956లో అమెరికాలోని మిల్‌ఫర్డ్‌లో రచయితల సమావేశాలు మొదలుపెట్టాడు. అక్కడి పద్ధతిలో అందరూ గుండ్రంగా కూర్చుని ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు, రాసిన మనిషి మాత్రం అందరిదీ అయ్యేదాకా కిక్కురుమనకూడదు. నేను ఆ నియమం తప్పాను. నాలుగో పేరా ఆవిడకి, ఆ పేరా ఎందుకంత ముఖ్యమో వివరిస్తూ 14 లైన్లు పంపాను. "అవునా, సరేనండి" అంది. మళ్లీ ఎప్పుడూ నా రాత చదవలేదు. ఇప్పుడు "చదివినందుకు థాంక్సండీ, ఆ చోటు మళ్లీ చూసుకుంటాను" అని మాత్రం రాస్తాను. రెండు రోజులు రచన ముట్టుకోను.

వాళ్లు చెప్పిన చోటుని నమ్మండి, చెప్పిన మందుని వెంటనే మింగకండి. ఇద్దరు ఐదో పేరా తీసేయమన్నారు, చెవి డాక్టరు దగ్గర ఎదురుచూసిన గంట గురించి రాసింది. తీసేస్తే కథ కుంటుతోంది. తిప్పలు పడి చూస్తే లోపం రెండో పేరాలో ఉంది. అమ్మ ముప్పై ఏళ్లు సంగీతం నేర్పిందని అక్కడ చెప్పడం మర్చిపోయాను. ఆ ఒక్క వాక్యం చేర్చాక ఐదో పేరా దానంతటదే నిలబడింది, తర్వాతి ఐదుగురిలో ఎవరూ దాని ఊసెత్తలేదు.

అభిప్రాయం చెప్పడానికి జంకే వాళ్లని, ప్రశ్నలు అడగమనండి. లిజ్ లెర్మన్ అనే నృత్య దర్శకురాలు 1990లో తయారుచేసిన నాలుగు మెట్ల పద్ధతి ఒకటుంది. ముందు చూసినవాళ్లు తమకేది మనసుకు తాకిందో చెబుతారు, తర్వాత కళాకారుడు ప్రశ్నలడుగుతాడు, ఆ తర్వాత చూసినవాళ్లు తీర్పు కలపని ప్రశ్నలడుగుతారు, అభిప్రాయాలు ఆఖరున, అదీ కళాకారుడి అనుమతితో. మెసేజుల్లో నాలుగు మెట్లూ ఎక్కడం అయ్యే పని కాదు, నేను మూడోదే వాడతాను. "మిషన్ కొన్నదెవరు?" అని ఒకాయన అడిగాడు. కొన్నది మా తమ్ముడు. కథలో వాడి పేరే లేదు! ఎందుకు లేదో ఆలోచిస్తూ కూర్చుంటే, అది ఇంకో రచన అయింది.

ఒకరు చెప్పింది రాసి పెట్టుకుంటాను, ఇద్దరు చెబితే కచ్చితంగా ఆ చోటికి వెళ్తాను. దీనికి మినహాయింపు కంటికి సంబంధించినవి. స్టైలుగా ఉంటుందని తెల్లటి మీద లేత బూడిద రంగు అక్షరాలు పెట్టాను. చదవలేకపోతున్నానని ఒక్కరే అన్నారు, అదే రోజు నలుపు చేశాను. వెబ్ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకీ వెనకున్న రంగుకీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలట. నాది దాని దరిదాపుల్లో కూడా లేదు.

ఒత్తులు దిద్దినాయన సంగతి. నెల తర్వాత కోపం తగ్గాక ఆయన మెసేజ్ తీసి, చూపించిన 14 తప్పులూ నిఘంటువు పెట్టుకుని సరిచూశాను. 11 నిజంగా తప్పులే. దిద్దుకున్నాను. రాయడం ఎందుకన్న ఆయన ప్రశ్నకి మాత్రం జవాబివ్వలేదు, ఇవ్వను కూడా.

ఇదంతా మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని ఒకటి నేను ఆలస్యంగా చేశాను. రచనలో ఎవరున్నారో వాళ్లని అడగాలి. అమ్మకి గట్టిగా చదివి వినిపిస్తే, డాక్టరు పేరూ మా ఇంటి గుర్తులూ తీసేయమంది, మిగతాది ఉంచుకోమంది.

దిద్దడం అయ్యాక, చదివినవాళ్లకి ఏం మార్చానో ఒక్క లైను రాసి పంపుతాను. చదివిన కష్టం ఊరికే పోలేదని తెలిస్తే ఎవరికైనా బాగుంటుంది. సంతాపం చెప్పిన ముగ్గురికీ అమ్మ క్షేమమేనని రాశాను. వాళ్లలో ఒకావిడ తెగ సిగ్గుపడి, "అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి" అంది. చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సొచ్చింది, మిషన్ తీసి బల్ల మీద పెట్టి కూర్చుంది మరి.