ఫౌజులో, ఆసుపత్రిలో పనిచేసిన నాన్నగారి గురించి సంస్మరణ రాయడం ఎలా?

పెద్దకర్మ నాడు చదవడానికి రాసే నాలుగు మాటలు మామూలుగా ‘మృదుభాషి, స్నేహశీలి, అజాతశత్రువు’ అని మొదలవుతాయి. ఎవరి కార్డు మీద వేసినా సరిపోయే మాటలవి. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి, పింఛను మీద వచ్చాక ఆసుపత్రిలో ఉద్యోగం చేసిన మనిషి గురించైతే అంత వెతుక్కోనక్కర్లేదు. సగం సరుకు ఇంట్లో బీరువాలోనే ఉంటుంది.

ముందు ఫౌజు నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్ తీయండి. చేరిన తేదీ, బయటికొచ్చిన తేదీ, ట్రేడు (చేసిన పని విభాగం), చివరి హోదా, పతకాలు అందులో ఉంటాయి. దాన్నీ పీపీఓనూ (పింఛను మంజూరు పత్రం) పక్కపక్కన పెట్టి పేరు, హోదా సరిచూడండి. అమ్మ పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంటే ఇప్పుడే రాసిపెట్టుకోండి, కుటుంబ పింఛను దగ్గర అదే అడ్డం పడుతుంది. బుక్ దొరక్కపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఈలోగా పతకాల అంచులు లైటు కింద వాల్చి చూడండి, నంబరు, హోదా, పేరు అక్కడ చెక్కి ఉంటాయి. మెరవాలని పౌడరు పెట్టి రుద్దితే ఆ అక్షరాలే అరిగిపోతాయి.

పతకాన్ని ఉన్నదానికంటే పెంచి చెప్పొద్దు. పూర్వీ స్టార్ 1971 పాకిస్తాన్ యుద్ధంలో తూర్పు రంగానికి, పశ్చిమీ స్టార్ పడమటి రంగానికి సంబంధించినవి. సంగ్రామ్ మెడల్ ఒక్కటే ఉంటే ‘యుద్ధరంగంలో పోరాడారు’ అని రాయకండి, అప్పట్లో సర్వీసులో ఉన్న చాలామందికి అది వచ్చింది. సైన్య సేవా మెడల్ రిబ్బను మీద ఉండే పట్టీ ఎక్కడ పనిచేశారో చెబుతుంది. ‘ఫీల్డ్ ఆంబులెన్స్’ అని కనిపిస్తే బండి నడిపారనుకోవద్దు. అది క్షతగాత్రులకు ముందువరసలో చికిత్స చేసే యూనిట్ పేరు. నర్సింగ్ అసిస్టెంటును ‘మిలటరీ డాక్టరు’ చేయకండి, సభలో పాత ఫౌజీ ఒక్కరున్నా నవ్వుకుంటారు. హానరరీ కెప్టెన్ అయితే ‘హానరరీ’ వదలొద్దు. ఇంట్లో కన్నుమూసిన మాజీ సైనికుణ్ణి ‘వీరమరణం’ అనకూడదు. ఆ మాట పోరులో ప్రాణాలిచ్చినవాళ్ళది.

తర్వాత ఒక తెల్లకాగితం మీద మూడు గళ్ళు గీయండి: సంవత్సరం, పోస్టింగు, ఇంట్లో ఏం జరిగింది. పిల్లలు పుట్టిన తేదీలు, ఇల్లు కట్టిన ఏడాది, చెల్లెలి పెళ్ళి, అన్నీ ఆ వరసలో పడాలి. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవు. ఆయన సంసారమంతా ఆ రోజుల్లోనే జరిగింది కాబట్టి, బిడ్డ పుట్టినప్పుడు ఎక్కడున్నారో, మొదటిసారి ఎప్పుడు ఎత్తుకున్నారో గళ్ళలో దానంతటదే తేలుతుంది. ‘కుటుంబాన్ని ప్రేమించారు’ అన్న వాక్యం ఇక అక్కర్లేదు.

ఎక్కువమంది తప్పేది ఆసుపత్రి భాగంలో. సిపాయిగా చేరినవారికి 15 ఏళ్ళ సర్వీసుతో పింఛను వస్తుంది, ముప్ఫై అయిదు దాటకుండానే బయటికొచ్చేవాళ్ళున్నారు. ఆపైన ఆసుపత్రిలో పాతికేళ్ళు చేసినా ఆ కాలానికి ఒక్క వాక్యం, యూనిఫాం కాలానికి రెండు పేరాలు పడతాయి. దీన్ని తిప్పండి. ఆయనతో డ్యూటీ చేసిన ఇద్దరికి ఫోన్ చేయండి. ‘ఎలాంటివారు?’ అని అడిగితే ‘చాలా మంచివారు’ అంటారు, అక్కడితో ఆగిపోతుంది. ఏ వార్డు? నైట్ డ్యూటీలు ఎక్కువ చేశారా? చిన్నపిల్లలకు నరం దొరక్కపోతే ఎవరిని పిలిచేవాళ్ళు? కట్టు ఎలా కట్టేవారు? ఇలా పని గురించి అడిగితే మనిషి బయటపడతాడు. రోగుల పేర్లు, జబ్బులు, ఊళ్ళు మాత్రం రాయొద్దు, మెచ్చుకోలుగా అయినా సరే. చిన్న ఊళ్ళో పేరు లేకపోయినా పోల్చుకుంటారు.

చదవడానికి 350 నుంచి 400 మాటలు చాలు, నిదానంగా చదివితే నాలుగు నిమిషాలు. అంతకు మించితే వెనక వరసలో భోజనాల కబుర్లు మొదలవుతాయి. చదివేది పెద్దకొడుకే కావాలని లేదు, గొంతు పూడుకుపోకుండా చదవగల అల్లుడో మనవరాలో నయం. పేపరు ప్రకటనకైతే 40 మాటల్లోపు: ఫొటో, పూర్తి పేరు, హోదా, కోర్, ఆసుపత్రి ఉద్యోగం, కార్యక్రమం తేదీ, స్థలం. పూర్తి పుట్టినతేదీ, సర్వీసు నంబరు, పీపీఓ నంబరు అచ్చులో వేయకండి. పింఛను ఆఫీసు నుంచి అంటూ అమ్మకు ఫోన్లు చేసే మోసగాళ్ళకు అవే కావాలి.

ఇక ఫ్లెక్సీ. డిజైనర్లు అడక్కుండానే వెనక జాతీయ జెండా పెట్టి, దాని మీద పేరు, తేదీలు వేసేస్తారు. జెండా మీద ఏ అక్షరాలూ ఉండకూడదని ఫ్లాగ్ కోడ్. ప్రభుత్వ, సైనిక, పారామిలటరీ లాంఛనాల అంత్యక్రియల్లో తప్ప జెండాను దేనికీ కప్పకూడదు, ఫొటోకు చుట్టడమూ అంతే. యూనిఫాం ఫొటో ఒకటి, ఆసుపత్రి రోజులది ఒకటి పక్కపక్కన పెట్టమనండి. ప్రూఫు వచ్చాక హోదా, తేదీలు డిశ్చార్జి బుక్‌తో మరోసారి పోల్చి, అప్పుడు సరే అనండి.