పాత మస్టాంగ్ పని మొదలుపెట్టే ముందు: పెట్రోలు మూత గరాజ్‌లో తీయొద్దు

పోయిన శనివారం మా పక్క వీధిలో ఒక తమ్ముడి గరాజ్ కాలిపోయింది. బండి 1966 ఫోర్డ్ మస్టాంగ్ కారు. ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్నది, కొని నెల కూడా కాలేదు. వాన పడుతోందని గరాజ్ తలుపు దించేసి, ట్యాంకులోని పాత పెట్రోలును ప్లాస్టిక్ బకెట్‌లోకి దించుతున్నాడు. సిగరెట్ లేదు, అగ్గిపుల్ల లేదు. పది అడుగుల దూరంలో, మూలన ఉన్న గ్యాస్ వాటర్ హీటర్ ఒక్కసారి టక్కుమని వెలిగింది, అంతే. ప్రాణం దక్కింది గానీ రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లే. "అన్నా, మంట నేల మీద పాకుతూ నా వైపు వచ్చింది, కళ్లారా చూశాను" అన్నాడు.

మా బే ఏరియాలో (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) వానలు మొదలవుతున్నాయి. 1975, అంతకు ముందు మోడళ్లకు కాలిఫోర్నియాలో స్మాగ్ పరీక్ష, అంటే పొగ కాలుష్య పరీక్ష, లేదు కాబట్టి మనవాళ్లు కూడా అరవైల నాటి మస్టాంగ్, కమారో కార్లు కొని ఇంట్లోనే బాగుచేసుకుంటున్నారు. వానాకాలం పని అంటే తలుపు మూసుకుని చేసే పని. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. కళ్లద్దాలు, గ్లవ్స్ సంగతి అందరూ చెప్పేదే, నేను చెప్పను. ఇక్కడ పెట్రోలును గ్యాస్ అంటాం, కానీ వాటర్ హీటర్‌లో మండేది కూడా గ్యాసే. రెండూ కలగలిసిపోకుండా పెట్రోలు అనే రాస్తాను.

ఆ ఒక్క తప్పు

పదిహేనేళ్లుగా ఈ బళ్లతోనే ఉన్నాను. నాకు తెలిసి జరిగిన మూడు అగ్నిప్రమాదాలకూ కారణం ఒకటే: గరాజ్ లోపల పెట్రోలు తెరవడం. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి లేచి కిటికీలోంచి పోదు. నీళ్లలా నేల మీద పరుచుకుని మూలలకు పాకుతుంది. చలికి ఆవిరి పుట్టదులే అనుకోకండి, సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునేంత ఆవిరి వస్తుంది. గరాజ్‌లో వాటర్ హీటర్‌ను 18 అంగుళాల పీట మీద పెట్టేది ఇందుకే. 2003 తర్వాత వచ్చిన హీటర్లలో మంట బయటికి రాకుండా జాలీ కూడా ఉంటుంది. మీ ఇంట్లోది ఏ సంవత్సరానిదో ఈరోజే చూడండి. కొత్తదే అయినా ధైర్యం వద్దు. మన గరాజ్‌లో హీటర్ ఒక్కటే ఉండదు కదా. దోసెల పిండి, గోంగూర ప్యాకెట్లు పెట్టుకునే రెండో ఫ్రిజ్ ఉంటుంది, తలుపు ఎత్తే మోటారు ఉంటుంది. ఏది ఆన్ అయినా లోపల చిన్న నిప్పురవ్వ పుట్టొచ్చు.

కాబట్టి బండిని బయటికి నెట్టండి. తలుపు తెరిచి లోపల చేస్తానంటే కుదరదు. డ్రైవ్‌వేలోకి, ఇంటి గోడకు దూరంగా నెట్టండి.

ట్యాంకు దించేటప్పుడు

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. పెట్రోలు తెరిచాక తీస్తే ఆ రవ్వే చాలు. బకెట్ వద్దు, పెట్రోలు కోసమే చేసిన ఎర్ర డబ్బా వాడండి, దాన్ని నేల మీద పెట్టి నింపండి. ట్రక్కు వెనక పరిచే ప్లాస్టిక్ షీటు మీద పెట్టి నింపితే స్టాటిక్ కరెంటు పుడుతుంది. పాత పెట్రోలు చిక్కటి టీ డికాషన్ రంగులో, వార్నిష్ వాసనతో వస్తుంది. డ్రైనేజీలో పోయకుండా కౌంటీ హానికర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి.

1965, 66 మస్టాంగ్‌లలో 16 గ్యాలన్ల ట్యాంకు పైభాగమే డిక్కీకి నేల. డిక్కీకీ వెనక సీటుకూ మధ్య అట్ట తప్ప ఇనుప అడ్డు లేదు. పెట్రోలు పోసే గొట్టాన్ని ట్యాంకుకు కలిపే రబ్బరు ముక్క కూడా డిక్కీలోనే ఉంటుంది. దాన్ని గోరుతో నొక్కి చూడండి, పగుళ్లు విచ్చుకుంటే ఆవిరి వెనక సీట్లో కూర్చున్న పిల్లల దగ్గరికే వస్తుంది. ట్యాంకు దించినప్పుడే మార్చేయండి.

ఇంజెక్షన్‌కు మార్చేవాళ్లకు

పాత మెకానికల్ పంపు 5, 6 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) ఒత్తిడితో పనిచేస్తుంది. కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే పాత భాగం) స్థానంలో పెట్టే, పెట్రోలును ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ కిట్లు చాలావరకు 58 పీఎస్‌ఐ దగ్గర నడుస్తాయి. పాత హోసు ఉంచేస్తే పెట్రోలు కారదు, వేడి ఇంజిన్ మీదికి చిమ్ముతుంది. హోసు మీద 30ఆర్7 అని ఉంటే అది కార్బురేటర్‌కు. ఇంజెక్షన్‌కు 30ఆర్9 కావాలి, దానికి తగిన క్లాంపులతో. ఎలక్ట్రిక్ పంపు పెడితే, గుద్దుకున్నప్పుడు దాన్ని ఆపేసే ఇనర్షియా స్విచ్ తప్పకుండా పెట్టండి. లేకపోతే ఇంజిన్ ఆగినా పంపు పోస్తూనే ఉంటుంది.

మిగిలినవి

- కార్బురేటర్ నోట్లో కప్పుతో పెట్రోలు పోస్తూ ఇంకొకరిని స్టార్ట్ కొట్టమనొద్దు. బ్యాక్‌ఫైర్ అయి మంట వెనక్కి ఎగిస్తే, అది మొదట కప్పుకు, తర్వాత మొహానికి అంటుకుంటుంది.
- ట్యాంకుకు వెల్డింగ్ చేయొద్దు. ఖాళీదైనా, కడిగినదైనా వద్దు. కొత్త ట్యాంకులు దొరుకుతాయి.
- క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.
- పాత బ్రేక్ డ్రమ్ముల్లోని దుమ్మును గాలితో ఊదొద్దు. అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిపి తుడవండి.
- జాక్ మీదున్న బండి కిందికి దూరొద్దు. బండిని ఆనించే స్టాండ్లనూ గుడ్డిగా నమ్మొద్దు, 2020లో అమెరికాలో లోపం ఉందని లక్షల స్టాండ్లను వెనక్కి పిలిపించారు. తీసిన చక్రాన్ని కూడా బండి కిందికి తోసి ఉంచండి.
- ముందు చక్రాల స్ప్రింగ్‌ను, దాన్ని నొక్కి పట్టే సరైన కంప్రెసర్ లేకుండా విప్పొద్దు.
- ఇంజిన్ పవర్ తర్వాత, బ్రేకులు ముందు. 1966 మోడల్‌లో బ్రేక్ ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్‌కు ఒకటే గది. ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు. 1967 నుంచి వచ్చిన రెండు గదులది పెట్టించండి.
- గరాజ్‌లో ఇంజిన్ నడపొద్దు. తలుపు తెరిచినా వద్దు.
- వాసన తగ్గింది కదా అనుకోకండి. తగ్గింది ఆవిరి కాదు, ముక్కు అలవాటు పడింది.
- వాన వస్తోందా? ట్యాంకు పని ఆ రోజుకు లేదు. పెట్రోలు మూత గరాజ్‌లో తీయొద్దు.
- మంటలార్పే సిలిండర్ బండి పక్కన కాదు, బయటికి వెళ్లే తలుపు దగ్గర ఉండాలి.
- మంట పెద్దదైతే వదిలేయండి. ఇంట్లోవాళ్లను తీసుకుని వీధిలోకి వచ్చి 911కి ఫోన్ చేయండి. బండి కోసం లోపలికి వెళ్లొద్దు.