మామిడి దుంగపై పుట్టగొడుగులు రాకపోతే: సమస్య, కారణం, పరిష్కారం

దుంగలపై పెంపకం అనగానే చాలామంది షిటాకే అనే పుట్టగొడుగు గురించి అడుగుతారు గానీ, నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండలకు ముత్యపు చిప్ప (ఆయిస్టర్) రకమే నయం. కొల్లాపూర్ వైపు తోటల్లో కాయ కోత ముగిశాక కొమ్మలు నరికినప్పుడు దొరికే మామిడి దుంగలు దీనికి బాగా సరిపోతాయి. వేప, టేకు కర్రలు బూజును తట్టుకునే గుణం ఉన్నవి కాబట్టి వాటి జోలికి పోకూడదు.

రంధ్రాల్లో పుట్టగొడుగు విత్తనం (స్పాన్) నింపి మూడు నెలలైనా దుంగ చివర్లు తెల్లబడటం లేదు

ఇలా జరిగినప్పుడు అందరూ ముందు విత్తనాన్నే అనుమానిస్తారు. మన ప్రాంతంలో మాత్రం ఎక్కువసార్లు దుంగ ఎండిపోవడమే అసలు కారణం. నా మొదటి దుంగలను మేడమీద రేకుల నీడలో పెట్టి, రోజూ పైపైన నీళ్లు చల్లుతూ, బెరడు తడిగా ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాను. తీరా ఒకదాన్ని కోసి చూస్తే లోపల పొయ్యిలో పెట్టే కట్టెలా పొడిగా ఉంది. అందుకే విత్తనం నింపిన రోజునే దుంగను తూచి, ఆ బరువును సుద్దతో దాని మీదే రాసిపెట్టాలి. పచ్చి దుంగ బరువులో దాదాపు 45 శాతం నీరే అనుకుంటే, 12 కిలోల దుంగ 10 కిలోలకు దిగేసరికి తేమ 34 శాతానికి వస్తుంది. 9 కిలోలకు దిగితే 27 శాతమే మిగులుతుంది, అక్కడ బూజుతీగ (విత్తనం నుంచి దుంగ లోపల పాకే తెల్లని పోగులు) చావడం మొదలవుతుంది. కాబట్టి 10 కిలోల దగ్గరే దుంగను నీళ్ల డ్రమ్ములో 12 నుంచి 24 గంటలు పూర్తిగా ముంచి ఉంచి, తర్వాత చెట్టు నీడలో తడి గోనె సంచులు కప్పి ఉంచాలి. అంతకంటే ఎక్కువసేపు ముంచితే గాలి అందక బూజుతీగకే చేటు.

తెల్లబడింది, కానీ పుట్టగొడుగు రాలేదు

ఆ తెలుపు బూజుతీగ కాకపోవచ్చు. మన బోరు నీళ్లు ఆరిన చోట సున్నపు పొర తేలుతుంది. గోటితో గీకితే అది పొడిగా రాలుతుంది, నిమ్మరసం చుక్క వేస్తే నురగ కడుతుంది. బూజుతీగ అయితే దూదిలా మెత్తగా అంటుకుని, పుట్టగొడుగు వాసన వేస్తుంది. నిజంగా బూజుతీగే అయి, చివర్ల నిండా పరుచుకుని ఉంటే, వేడి తగ్గేదాకా ఆగి, దుంగను ఒకసారి నీళ్లలో ముంచి తీస్తే మొగ్గలు రావచ్చు.

పచ్చని బూజు పట్టింది

గాలి ఆడకుండా ప్లాస్టిక్ కవరు బిగించి చుట్టినప్పుడు ఇది ఎక్కువ. పైపైన ఉంటే బ్రష్‌తో రుద్ది, గాలి తగిలే నీడలోకి మార్చాలి. విత్తనం నింపిన రంధ్రాల్లో నుంచే వస్తుంటే మాత్రం ఆ దుంగను మిగతావాటికి దూరంగా పడేయడమే మేలు.

మొగ్గలు ఎండిపోతున్నాయి, లేదా కాడలు పొడవై గొడుగులు చిన్నగా ఉన్నాయి

మొదటిదానికి పొడి గాలి కారణం; గాలి వచ్చే వైపు తడి గోనె కట్టాలి. రెండోదానికి గాలి చాలకపోవడం కారణం. కప్పినదాన్ని కొంత తీయాలి.

చెదలు పట్టాయి

దుంగ నేలకు తగలడమే కారణం. నాలుగు ఇటుకలపై పెట్టి, ఇటుకల కింద నీళ్లు పోసిన పళ్లేలు ఉంచాలి. పైకి ఎక్కే మట్టి బాటలను వారానికోసారి చూసి చెరిపేయాలి. తినే పుట్టగొడుగు వచ్చే కర్ర కాబట్టి చెదల మందు కొట్టకూడదు.

మనం వేయనిది మొలిచింది

వానాకాలంలో ఇది మామూలే. చూడటానికి ముత్యపు చిప్పలాగే ఉన్నా, రంగులోగానీ, అడుగున చారల్లోగానీ, వాసనలోగానీ తేడా అనిపిస్తే కూరకు వాడకూడదు, పశువులకూ వేయకూడదు. కోసి గోతిలో పూడ్చాలి.