నటుడు మారాడా, పాత్ర మారిందా: కామిక్ సినిమాల మార్పులను తూచి చూసే పద్ధతి

కామిక్ పుస్తకాల ఆధారంగా తీసే సినిమాల్లో ఒక పాత్రకు కొత్త నటుణ్ణి ప్రకటించిన రోజున అభిమానుల నుంచి సాధారణంగా రెండు ఫిర్యాదులు వినిపిస్తాయి. పాత నటుణ్ణి తప్ప మరొకరిని ఆ పాత్రలో ఊహించుకోలేమన్నది మొదటిది. కొత్తాయన పోలికలు గానీ, ఆయన కోసం రాసిన కథ గానీ కామిక్‌లో ఉన్నట్టు లేవన్నది రెండవది. ఇవి వేర్వేరు ఫిర్యాదులు, వీటికి చూపవలసిన ఆధారాలూ వేర్వేరు. రెండింటినీ ఒకే మూటగా కట్టి మాట్లాడటం వల్లనే మన వాదనల్లో చాలా భాగం ఎటూ తేలకుండా పోతుంది.

నటుడు మారినా పాత్ర చెక్కుచెదరకుండా ఉండవచ్చు. నటుడు అతడే అయినా పాత్ర గుర్తుపట్టలేనంతగా మారిపోవచ్చు. రెండవదానికి డెడ్‌పూల్‌ను మించిన ఉదాహరణ లేదు. 2009లో వచ్చిన వుల్వరిన్ సినిమాలో, కామిక్ పాఠకులు వాగుడుకాయగా ఎరిగిన ఆ పాత్రకు చివరి ఘట్టంలో పెదవులే కుట్టేశారు. 2016లో అతని పేరు మీదనే వచ్చిన సినిమాలో మాత్రం ఆ పాత్ర కామిక్‌లోని తీరునే ప్రేక్షకుల వైపు తిరిగి నేరుగా మాట్లాడుతూ, ఒక్క క్షణం కూడా నోరు మూయకుండా కనిపించింది. రెండింటిలోనూ నటుడు ర్యాన్ రెనాల్డ్సే. 2009 నాటి కోపం న్యాయమైనదే కానీ, దాన్ని నటుడి మీద చూపినవారు అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నారన్నమాట.

కారణం తెలుసుకోవడం

అభిప్రాయం రాయడానికి ముందు చేయవలసిన మొదటి పని, మార్పు ఏ రకమైనదో గుర్తించడం. కథను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నప్పుడు వచ్చే కొత్త నటుణ్ణి పాత నటుడికి బదులుగా వచ్చినవాడిగా చూడకూడదు. 2005లో క్రిస్టియన్ బేల్, 2022లో రాబర్ట్ ప్యాటిన్సన్ వేసినవి వేర్వేరు బ్యాట్‌మన్‌లు. ఒకరి కథ మరొకరి కథకు కొనసాగింపు కాదు. అదే కథ సాగుతుండగా మనిషి మారడం వేరు. 2008 నాటి ఐరన్ మ్యాన్‌లో కథానాయకుడు టోనీ స్టార్క్ మిత్రుడైన సైనికాధికారి రోడ్స్‌గా టెరెన్స్ హోవర్డ్ వేసిన పాత్రను 2010లో డాన్ చీడిల్ అందుకున్నారు. ఎడ్వర్డ్ నార్టన్ చేసిన హల్క్ 2012 నాటికి మార్క్ రఫెలో చేతికి వచ్చాడు. బ్యాట్‌మన్ చిన్ననాటి స్నేహితురాలు రేచల్ డాస్‌గా 2005లో కేటీ హోమ్స్ కనిపిస్తే, 2008లో మ్యాగీ జిలెన్‌హాల్ కనిపించారు.

ఈ రెండు రకాలకూ నడుమ ఒక విచిత్రమైన వరస ఉంది. 1989 నుంచి 1997 వరకు వచ్చిన నాలుగు బ్యాట్‌మన్ సినిమాల్లో ఆ పాత్రను మైకేల్ కీటన్, వాల్ కిల్మర్, జార్జ్ క్లూనీ అనే ముగ్గురు వేశారు. ప్రభుత్వ న్యాయవాది హార్వే డెంట్‌గా మొదటి సినిమాలో బిల్లీ డీ విలియమ్స్ ఉంటే, మూడవదానిలో టామీ లీ జోన్స్ ఉన్నారు. అయినా ఇంటి పెద్ద నౌకరు ఆల్‌ఫ్రెడ్‌గా మైకేల్ గోఫ్, పోలీసు కమిషనర్ గోర్డన్‌గా ప్యాట్ హింగిల్ నాలుగింటిలోనూ ఉన్నారు కాబట్టి, యజమాని ముఖం మారినా ఇల్లు మాత్రం పాతదేనన్న భావం నిలిచింది. కొత్త నటుడి గురించి ఫిర్యాదు చేసే ముందు అతని చుట్టూ ఎవరు మిగిలి ఉన్నారో చూడమని చెప్పడం అందుకే.

రోడ్స్ మార్పును సాధనకు వాడుకోవచ్చు. 2010 నాటి సినిమాలో అమెరికా సెనేట్ కమిటీ టోనీ స్టార్క్‌ను విచారిస్తుండగా రోడ్స్ సైనిక దుస్తుల్లో లోపలికి వస్తాడు. నిన్నిక్కడ చూస్తాననుకోలేదని టోనీ అంటే, వచ్చినవాణ్ణి నేనే, ఆ సంగతి సరిపెట్టుకుని ముందుకు వెళ్దామన్న అర్థంలో రోడ్స్ బదులిస్తాడు. ఆ మాట టోనీకి ఎంత వర్తిస్తుందో, థియేటర్లో కూర్చున్న మనకూ అంతే వర్తిస్తుంది. ఈ దృశ్యాన్ని, 2008 సినిమాలో ఇద్దరు మిత్రులూ కలిసి ఉన్న ఏదైనా ఒక దృశ్యాన్ని శబ్దం తీసేసి వెంటవెంటనే చూడండి. రోడ్స్ టోనీకి ఎంత దూరంలో నిలుచున్నాడు, అతని అల్లరికి నవ్వు ఆపుకుంటున్నాడా, విసుగు అణచుకుంటున్నాడా అన్నవి కాగితం మీద రాసుకోండి. నాకు కనిపించినంతలో హోవర్డ్ వేసిన రోడ్స్‌కు మిత్రుడి ఆగడాలంటే లోలోపల ముచ్చట. చీడిల్ వేసిన రోడ్స్ ఆ ముచ్చట ఎప్పుడో తీరిపోయి అలసిన మనిషి. స్వభావపు ఛాయ మారింది. కానీ టోనీ ముఖం మీద కాదని చెప్పగల ఏకైక స్నేహితుడన్న బంధం మారలేదు. ఇంత చూసిన తరువాత ఎవరు నచ్చారో చెబితే ఆ మాటకు విలువ ఉంటుంది.

ఏ కామిక్‌కు విధేయత?

కామిక్‌లో ఇలా లేదన్న వాక్యం రాసేటప్పుడు, ఏ సంవత్సరపు ఏ కామిక్ అన్నది కూడా అదే వాక్యంలో రాయడం అలవాటు చేసుకోవాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం ఫిర్యాదులు వాటంతట అవే సర్దుకుంటాయి. 1938లో వచ్చిన తొలి కథలో సూపర్‌మన్ ఎగరలేడు. మైలులో ఎనిమిదో వంతు దూరం దూకగలడు, అంతే. అతణ్ణి నీరసపరిచే క్రిప్టోనైట్ పుట్టింది కామిక్ పుటల్లో కాదు, 1943లో రేడియో నాటకంలో. జోకర్ సహచరి హార్లీ క్విన్ 1992లో టెలివిజన్ యానిమేషన్ ధారావాహికలో పుట్టి, ఆ తరువాత పుస్తకాల్లోకి వెళ్లింది. 1960ల నుంచి తెల్లజాతి మనిషిగా ఉన్న గూఢచారి నిక్ ఫ్యూరీని 2002లో మొదలైన ఒక కామిక్ వరసలో శామ్యూల్ ఎల్. జాక్సన్ పోలికలతో గీశారు. 2008లో ఆ పాత్రను తెర మీద వేసినవారు ఆ జాక్సనే. ఇక్కడ సినిమా కామిక్‌ను అనుసరించిందా, కామిక్ నటుణ్ణి అనుసరించిందా అన్నది తేల్చడం కష్టం.

ఇందులో మనకు కొత్త ఏమీ లేదు. అభిమన్యుడికీ శశిరేఖకూ పెళ్లి చేసే కథ వ్యాసభారతంలో లేకపోయినా, తెలుగు ఇళ్లలో దాన్ని భారతం కాదనేవారు అరుదు.

మూలాలు అనేకం కనుక అడ్డగోలుగా మార్చుకోవచ్చని దీని అర్థం కాదు. అందుకే నేను ఒక పరీక్ష పెట్టుకున్నాను: ఈ పాత్ర ఎట్టి పరిస్థితిలోనూ చేయని పని ఏమిటో ఒక్క వాక్యంలో రాయాలి. ఆ వాక్యంలో ఎత్తు, జుట్టు, దుస్తుల రంగు వంటివి రాకూడదు. వుల్వరిన్ కామిక్‌లో అయిదడుగుల మూడంగుళాల పొట్టివాడు; 2000లో ఆ పాత్రకు వచ్చిన హ్యూ జాక్‌మన్ ఆరడుగులు దాటిన మనిషి, పైగా ముందుగా ఎంచుకున్న డూగ్రే స్కాట్ మరో సినిమా చిత్రీకరణలో చిక్కుకుపోయినందువల్ల ఆలస్యంగా దొరికిన అవకాశం అది. కామిక్‌లోని పసుపు దుస్తులు 2024 వరకు ఆయన ఒంటి మీదికి రానే లేదు. అయినా తనను దగ్గరకు తీసుకునేవారిని కసురుకుంటూనే, దిక్కులేని పిల్లకు ఆపద వస్తే అడ్డం పడే గుణం మొదటి సినిమాలోనే ఉంది కాబట్టి, ఎత్తు గురించిన మాట కొద్ది కాలానికే హాస్యంగా మిగిలింది. 2004లో హాలీ బెర్రీ వేసిన క్యాట్‌వుమన్ ఇందుకు పూర్తిగా విరుద్ధం. అందులో కథానాయిక కామిక్‌లోని సెలీనా కైల్ కాదు, పేషెన్స్ ఫిలిప్స్ అనే మరొక మనిషి. పేరు తప్ప మూలం నుంచి ఏమీ తీసుకోనప్పుడు పాఠకుడి అలక పూర్తిగా సమంజసం.

ఈ పరీక్షను కఠినమైన చోట ప్రయోగించి చూద్దాం. 2013 నాటి మ్యాన్ ఆఫ్ స్టీల్ చివర్లో సూపర్‌మన్, తాను పుట్టిన క్రిప్టాన్ గ్రహానికే చెందిన ప్రతినాయకుడు జాడ్‌ను మెడ విరిచి చంపుతాడు. సూపర్‌మన్ చంపడు కదా అని అభిమానులు మండిపడ్డారు, ఆ వాదం ఇప్పటికీ చల్లారలేదు. అయితే 1988లో జాన్ బర్న్ రాసి గీసిన ఒక సంచికలో సూపర్‌మన్ జాడ్‌తో సహా ముగ్గురు క్రిప్టాన్ నేరస్తులకు క్రిప్టోనైట్‌తో మరణశిక్ష అమలు చేశాడు. కాబట్టి కామిక్‌లో లేదన్న వాదన నిలవదు. కానీ ఆ కామిక్ అక్కడితో ఊరుకోలేదు. చేసిన పని సూపర్‌మన్ మనసును తినివేయగా, చివరకు అతడు భూమినే విడిచి అంతరిక్షంలోకి తనను తాను వెలివేసుకున్నాడు. సినిమాలో అతడు మోకాళ్ల మీద కూలబడి గుండె పగిలేలా అరిచిన మాట నిజమే, ఆ అరుపులో హెన్రీ కావిల్ లోపమేమీ నాకు కనిపించదు. ఆ వెనువెంటనే వచ్చే దృశ్యంలో అతడు సైన్యపు నిఘా డ్రోన్‌ను నేలకూల్చి, సైనికాధికారితో సరదాగా మాట్లాడి వెళ్లిపోతాడు. ఫిర్యాదు చేయవలసిన చోటు ఇది. చంపాడన్నది కాదు, చంపిన భారం రెండు నిమిషాల్లో దిగిపోయిందన్నదే అసలు అభ్యంతరం. ఇలా రాస్తే అవతలివారు 1988 సంచికను చూపించి మన నోరు మూయించలేరు.

చర్మం రంగు విషయంలోనూ ఇదే కొలత సరిపోతుంది. బ్లాక్ ప్యాంథర్‌గా పేరున్న, వకాండా అనే కల్పిత దేశపు రాజు టి'చల్లా ఆఫ్రికా మనిషి కావడం అతని కథకు ప్రాణం. ఇంద్రధనుస్సు వంతెనకు కాపలా కాసే, కామిక్‌లో తెల్లజాతివాడైన హైమ్‌డాల్‌ను 2011 నాటి థోర్ సినిమాలో నల్లజాతి నటుడు ఇడ్రిస్ ఎల్బా వేసినంత మాత్రాన ఆ కాపలాదారు కథలో ఒక్క అక్షరమూ మారలేదు. అప్పట్లో రేగిన గొడవకు కామిక్ పట్ల భక్తి అన్న పేరు పెట్టడం నాకు సమ్మతం కాదు.

ఫోటో చూసి తీర్పు చెప్పకుండా ఉండటం

హాస్య పాత్రలకు పేరుపడిన మైకేల్ కీటన్‌ను టిమ్ బర్టన్ బ్యాట్‌మన్‌గా ఎంచుకున్నప్పుడు వార్నర్ బ్రదర్స్ సంస్థకు వేల సంఖ్యలో నిరసన ఉత్తరాలు వెళ్లాయి. 1989లో సినిమా విడుదలయ్యాక ఆ గొంతులు తగ్గిపోయాయి. 2006లో జోకర్‌గా హీత్ లెడ్జర్ పేరు ప్రకటించినప్పుడు వెక్కిరించినవారు, 2009లో మరణానంతరం ఆయనకు ఆస్కార్ వచ్చేసరికి ఆ సంగతే మరిచిపోయారు. అయితే ఈ ఉదాహరణలను కర్రలా పట్టుకుని, అభిమానులు ఎప్పుడూ తప్పే అనేవారితోనూ జాగ్రత్తగా ఉండాలి. ముందే శంకించిన ఎంపికలు చివరకు నిజంగానే బెడిసికొట్టిన సందర్భాలు తక్కువేమీ కాదు. విజయగాథలను చెప్పుకున్నట్టుగా వాటిని ఎవరూ చెప్పుకోరు, అంతే.

నేను ఇందుకోసం ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. ప్రకటన వచ్చిన రోజున ఎడమ పేజీలో నా అభిప్రాయం తేదీతో రాస్తాను. సినిమా చూసి ఒక వారం గడిచాక కుడి పేజీలో రాస్తాను. 2019లో రాబర్ట్ ప్యాటిన్సన్ పేరు పక్కన ఎడమవైపు 'తగడు' అన్న ఒక్క మాట ఉంది. 2022లో కుడివైపు పేజీన్నర రాయవలసి వచ్చింది. ఒకే మాటలో తేల్చేసిన నా తీర్పు అప్పటి నుంచి నన్ను వెక్కిరిస్తూనే ఉంది.

నటుడు మరణించినప్పుడు ఈ కొలతలేవీ నేరుగా పనికిరావు. టి'చల్లాగా వేసిన చాడ్విక్ బోస్‌మన్ 2020 ఆగస్టులో కన్నుమూశాక, టి'చల్లా పాత్రను మరొకరికి ఇవ్వబోమని మార్వెల్ స్టూడియో అదే ఏడాది డిసెంబరులో ప్రకటించింది; 2022 నవంబరులో వచ్చిన సినిమాలో బ్లాక్ ప్యాంథర్ ముసుగు చెల్లెలు షూరీకి దక్కింది. ఆ నిర్ణయం ఒక మనిషికి ఇచ్చిన గౌరవమని కొందరన్నారు. 1966 నుంచి ఉన్న పాత్రను ఒక నటుడితో పాటు సాగనంపడం, ఆ రాజును చూసి ధైర్యం తెచ్చుకున్న పిల్లలకు అన్యాయమని మరికొందరు వాదించారు. ఇలాంటి చోట రాసేటప్పుడు పాత్ర గురించిన వాక్యాలను, మనిషి గురించిన వాక్యాలను వేర్వేరు పేరాల్లో ఉంచండి. ఒకదానితో మరొకదాన్ని ఖండించడానికి ప్రయత్నించకండి. నా మొగ్గు రెండవ పక్షం వైపే. ఆ సినిమా చివర్లో టి'చల్లా కొడుకును అదే పేరుతో పరిచయం చేయడం చూస్తే, తీసినవారు కూడా తలుపు పూర్తిగా మూయలేదనిపిస్తుంది.

తెలుగులో చూసేవారికి

తెలుగు అనువాదంలో చూసేవారు మరొక జాగ్రత్త తీసుకోవాలి. డబ్బింగ్ అంటే ప్రతి పాత్రకూ గొంతు మేరకు కొత్త నటుణ్ణి తీసుకోవడమే. అవెంజర్స్ సినిమాల ప్రతినాయకుడు థానోస్ 2012లో క్షణకాలం కనిపించినప్పుడు అందులో ఉన్నది డేమియన్ పోయిటియర్. 2014 నుంచి జాష్ బ్రోలిన్. 2018లో తెలుగు థానోస్‌కు గొంతు ఇచ్చినవారు రానా దగ్గుబాటి. కాబట్టి కొత్త నటుడి మాటలో బరువు లేదని రాసే ముందు ఆ మాట ఎవరిదో చూసుకోవాలి. ఒక ముఖ్య దృశ్యాన్ని ఇంగ్లీషు శబ్దంతోనూ తెలుగు శబ్దంతోనూ చూసి, హాస్యం ఏ వాక్యంలో పోయిందో, ఏ వాక్యంలో కొత్తగా చేరిందో గుర్తుపెట్టుకుంటే, నటుణ్ణి అనవసరంగా నిందించే పని తప్పుతుంది.

ఇప్పుడు నా నోటుబుక్కులో తెరిచి ఉన్న పేజీ డాక్టర్ డూమ్‌ది. ఐరన్ మ్యాన్‌గా పదకొండేళ్లు మెప్పించిన రాబర్ట్ డౌనీ జూనియరే ఆ ప్రతినాయకుడిగా తిరిగి వస్తున్నారని 2024 జూలైలో శాన్‌డియేగో కామిక్ కాన్ వేదిక మీద ప్రకటించారు. నటుడు అతడే, పాత్ర వేరు. ఇది మనం ఇంతసేపు చెప్పుకున్నదానికి తలకిందుల లెక్క. ఎడమ పేజీలో ఈసారి తీర్పు రాయలేదు, ఒక్క వాక్యం మాత్రం రాశాను: ప్రయోగంలో లెక్క తప్పిందని తోటి శాస్త్రవేత్త రీడ్ రిచర్డ్స్ హెచ్చరించినా వినకుండా ముఖం కాల్చుకున్న డూమ్, ఆ తప్పు తనదని ఎన్నటికీ ఒప్పుకోడు. కుడి పేజీ ఖాళీగా ఉంది.