తెలుగు ఎస్సెమ్మెస్‌కి 70 అక్షరాలే

కోనసీమలో కొబ్బరి దింపు కబురు తెలుగులో ఎస్సెమ్మెస్ పెడుతుంటే బ్యాలెన్స్ రెట్టింపు పోతోందా? ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 మాత్రమే. 71 అయితే రెండు మెసేజ్‌ల కింద లెక్క. పైగా గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కేస్తుంది. ‘లక్ష్మి’ మన కంటికి రెండక్షరాలే, ఫోన్‌కి ఏడు (ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి)! అందుకే ఒత్తులు తక్కువున్న మాటలు వాడండి. ‘రేపు దింపు, ఆరింటికి రండి’ చాలు, మర్యాదలు ఎదురుపడ్డప్పుడు చెప్పుకోవచ్చు.

అవతల పాత కీప్యాడ్ ఫోన్ అయితే అక్షరాల బదులు డబ్బాలు కనబడొచ్చు. మన దేశంలో ఫోన్లకి పెట్టిన ఐఎస్ 16333 ప్రమాణం ప్రకారం ఫోన్‌లో 22 భారతీయ భాషలూ చదవడానికి వీలుండాలి. కొత్తది కొనేటప్పుడు షాపులోనే ఒక తెలుగు మెసేజ్ తెరిచి, ‘క్ష్మి’ విడిపోకుండా వస్తోందో లేదో చూసుకోండి.