సింథటిక్ డీఎన్‌ఏ ఆర్డర్: కంపెనీకి పంపే ముందు మన డిపార్ట్‌మెంట్‌లోనే వడపోయడం ఎలా

జన్యువు కావాలంటే ఇప్పుడు ఆ జీవి చేతిలో ఉండనక్కర్లేదు. దాని డీఎన్‌ఏ అక్షరాల వరుసను ఫైలులో పెట్టి కంపెనీకి పంపితే, డీఎన్‌ఏ ఎండిన పొడిగా చిన్న ట్యూబులో కొరియర్‌లో వచ్చేస్తుంది. ఈ సౌకర్యం కర్నూలు, అనంతపురం, కడప యూనివర్సిటీల ల్యాబులకు ఎంత మేలు చేస్తుందో, అప్రమత్తత లేకపోతే అంత ప్రమాదం కూడా. 2006లో బ్రిటన్‌లో గార్డియన్ పత్రిక వాళ్లు మశూచి వైరస్ వరుసలోని చిన్న ముక్కను ఆర్డర్ చేస్తే అది మామూలు ఇంటి చిరునామాకు చేరిపోయింది. ఆ ముక్క హాని చేసేది కాదు, కానీ అడిగిందెవరో ఎవరూ చూడలేదన్నది బయటపడింది. 2009లో పెద్ద జీన్ సింథసిస్ (జన్యువులు తయారుచేసి అమ్మే) కంపెనీలు ఒక కన్సార్టియంగా ఏర్పడి, వరుసనూ కొనేవారినీ రెంటినీ పరిశీలించే ఉమ్మడి పద్ధతి పెట్టుకున్నాయి.

అయితే కంపెనీకి కనిపించేది వరుస, పేరు, చిరునామా. ఆ జన్యువుతో ఏం చేయబోతున్నారో తెలిసింది గైడ్‌కీ, సంస్థ బయోసేఫ్టీ కమిటీకీ, అంటే ఐబీఎస్‌సీకే. కాబట్టి మొదటి జల్లెడ మన దగ్గరే ఉండాలి.

ముందుగా ఒక రిజిస్టర్

ప్రతి ఆర్డర్‌కూ ఒక లైను రాయండి: అడిగినవారి పేరు, గైడ్ పేరు, ప్రాజెక్టు, వరుస ఏ జీవిది, జెన్‌బ్యాంక్ (అందరికీ అందుబాటులో ఉన్న వరుసల డేటాబేస్) నంబరు, పొడవు, ఏ వెక్టర్‌లోకి (జన్యువును మోసే డీఎన్‌ఏ), ఏ హోస్ట్‌లోకి (దాన్ని పెట్టే జీవి), ప్రొటీన్ తయారు చేస్తారా లేదా, ఐబీఎస్‌సీ అనుమతి తేదీ. 18 నుంచి 25 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) పీసీఆర్ ప్రైమర్లను, అంటే డీఎన్‌ఏ నకళ్లు తీసే పరీక్షకు వాడే చిన్న ముక్కలను, కంపెనీలు వరుస పరంగా సాధారణంగా వడపోయవు, అయినా రిజిస్టర్‌లో ఎక్కించండి. ఒకే ప్రాజెక్టు వాళ్లు వేర్వేరు కంపెనీల దగ్గర వేర్వేరు ముక్కలు తెప్పిస్తే, అన్నీ కలిపి కనిపించే చోటు ఈ రిజిస్టర్ ఒక్కటే. దీన్ని ఒక మనిషికే అప్పగించండి. పర్చేజ్ సెక్షన్‌లో ఒకటి, ల్యాబులో ఒకటి పెడితే రెండూ సగం సగమే ఉంటాయి.

వరుసను పరిశీలించడం

అమెరికా ఆరోగ్య శాఖ 2010 మార్గదర్శకాలు వడపోతకు 200 బేస్ జతల నిడివిని కొలతగా పెట్టాయి. 2023 సవరణలో దాన్ని 50 న్యూక్లియోటైడ్ల (అక్షరాల) దాకా దించమన్నారు. మనం చేతితో చూసుకునేటప్పుడు 200 సరిపోతుంది, కానీ వరుస మొత్తం చూడాలి.

ఫాస్టా ఫైలులోంచి (వరుస రాసి ఉన్న టెక్స్ట్ ఫైలు) వెక్టర్ భాగాన్ని తీసేసి ఇన్సర్ట్‌ను, అంటే మనకు కావాల్సిన ముక్కను, మాత్రమే ఎన్‌సీబీఐ బ్లాస్ట్‌లో (తెలిసిన వరుసలతో పోల్చి చూపే ఆన్‌లైన్ సాధనం) వేయండి. వెక్టర్‌తో కలిపి వేస్తే ఫలితాల పేజీ అంతా క్లోనింగ్ వెక్టర్లతోనే నిండి, అసలు సంగతి అడుగున పడుతుంది. రెండుసార్లు చేయాలి: ఒకసారి బ్లాస్ట్ఎన్, ఒకసారి బ్లాస్ట్ఎక్స్. మొదటిది డీఎన్‌ఏ అక్షరాలనే పోలుస్తుంది. రెండోది వరుసను ఆరు ఫ్రేముల్లో (ఆరు రకాలుగా చదివి) ప్రొటీన్‌గా మార్చి వెతుకుతుంది. ఈ.కోలై బ్యాక్టీరియా కోసం కోడాన్లు (ప్రొటీన్‌లోని ఒక్కో భాగానికి గుర్తైన మూడక్షరాల ముక్కలు) మార్చి రాసిన జన్యువు బ్లాస్ట్ఎన్‌లో పెద్దగా కనిపించకపోవచ్చు, ప్రొటీన్ మాత్రం అదే. ఈ రెండో అడుగు వదిలేస్తే వడపోత జరగనట్టే.

ఫలితంలో మొదటి హిట్ (పోలిన వరుస) ఒక్కటే చూసి వదిలేయకండి. గ్రాఫిక్ సమ్మరీలో రంగు గీతలతో కనిపించే బొమ్మ చూడండి. వరుసలో ఏ భాగానికి ఏ హిట్టూ లేదో, ఏ భాగం వేరే జీవికి కలుస్తోందో అక్కడే తెలుస్తుంది. అలాంటి భాగాన్ని కత్తిరించి విడిగా మళ్లీ వేయండి. తర్వాత జీవి పేరును మూడు జాబితాలతో పోల్చాలి: మన ఎగుమతి నియంత్రణ జాబితా స్కోమెట్‌లోని రెండో కేటగిరీ, ఆస్ట్రేలియా గ్రూప్ (రసాయన, జీవాయుధాల వ్యాప్తిని ఆపే దేశాల కూటమి) జాబితా, బయోటెక్నాలజీ శాఖ 2017 మార్గదర్శకాల్లోని రిస్క్ గ్రూపుల పట్టిక.

ఆర్డర్లు ఎక్కువగా ఉండి సొంత సర్వర్ ఉన్నవాళ్లకు ఐబీబీఐఎస్ అనే అంతర్జాతీయ జీవభద్రత సంస్థ ఉచితంగా ఇచ్చే కామన్ మెకానిజం అనే వడపోత సాఫ్ట్‌వేర్ ఉంది. దాని డేటాబేసులు వందల గిగాబైట్లు. మామూలు ల్యాప్‌టాప్‌లో పెట్టాలని చూడొద్దు.

హిట్ వచ్చింది, ఇప్పుడేం చేయాలి

అసలు కష్టం ఇక్కడే. జాబితాలో ఉన్న జీవి పేరు కనబడగానే ఆపేయడం తప్పు, "అది మామూలే" అని వదిలేయడం ఇంకా పెద్ద తప్పు. మన సీమ పంటలూ పశువులతోనే చూద్దాం.

ఆముదం మీద పని చేసేవాళ్లు నూనె నాణ్యత కోసం ఫ్యాటీ ఆమ్లాల హైడ్రాక్సిలేజ్ జన్యువు అడుగుతారు. ఇక్కడ ఆముదం మొక్క నియంత్రిత జీవి కాదు, దాని గింజలోని రైసిన్ అనే విషం నియంత్రిత పదార్థం. హైడ్రాక్సిలేజ్‌కు అభ్యంతరం లేదు. రైసిన్ జన్యువైతే తప్పకుండా ఆగాలి. రైసిన్‌కు చాలా దగ్గరగా ఉండే అగ్లూటినిన్ అడిగినా కంపెనీ ఆపి ప్రశ్నిస్తుంది. కాకరలోని రైబోజోమ్‌ను (కణంలో ప్రొటీన్లు తయారుచేసే భాగం) ఆపే ప్రొటీన్‌కు కూడా బ్లాస్ట్ఎక్స్‌లో రైసిన్ పేరు రావచ్చు, కానీ పోలిక శాతం చాలా తక్కువగా ఉంటుంది, కాకర ప్రొటీన్లతోనే దగ్గరగా కలుస్తుంది. అన్నిటికన్నా దగ్గరి పోలిక దేనితో ఉందన్నదే తేల్చే ప్రశ్న.

2000లో అనంతపురం వేరుశనగను దెబ్బతీసిన కాండం కుళ్లు తెగులుకు కారణం టొబాకో స్ట్రీక్ వైరస్. దాని కోట్ ప్రొటీన్ (వైరస్ పైతొడుగు) జన్యువు ఆ జాబితాల్లో లేదు. పరీక్ష కిట్ కోసం తెప్పించుకోవచ్చు. నిమ్మ గజ్జి తెగులు తెచ్చే జాంతోమోనాస్ సిట్రీ మాత్రం ఆస్ట్రేలియా గ్రూప్ మొక్కల జాబితాలో ఉంది. మా చీనీ తోటల్లో ఎప్పుడూ ఉండేదే కదా అనిపిస్తుంది, అయినా కంపెనీ అడుగుతుంది. దాని రైబోజోమ్ జన్యువు ఇతర జాంతోమోనాస్‌లతో సమానంగా కలిస్తే పెద్ద చిక్కు లేదు. రోగం తెచ్చే శక్తికి సంబంధించిన జన్యువైతే కాగితాలు సిద్ధం చేయండి.

గొర్రెల్లో దొమ్మ రోగం (ఆంత్రాక్స్) పరీక్షకు పాజిటివ్ కంట్రోల్ (పరీక్ష పనిచేస్తోందని చూపే నమూనా) కావాలనుకోండి. ఆంత్రాక్స్ బ్యాక్టీరియా క్రోమోజోమ్ జన్యువులు హాని తక్కువైన బాసిల్లస్ సీరియస్‌తో చాలావరకు కలుస్తాయి. రోగాన్ని పసిగట్టేది ప్లాస్మిడ్‌ల (క్రోమోజోమ్‌కు విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయాల) మీది జన్యువులతోనే. అవి హిట్ అవుతాయి, అవ్వాలి కూడా. పీసీఆర్‌కు కావాల్సిన చిన్న భాగమే అడగండి, పూర్తి జన్యువు అవసరం లేదు. ఎంత చిన్నదైనా దాచకుండా ముందే ఉత్తరం జతచేయండి. ఇలా:

"ఈ 180 బేస్‌ల ముక్క గొర్రెల దొమ్మ రోగ నిర్ధారణ పీసీఆర్‌లో పాజిటివ్ కంట్రోల్‌గా మాత్రమే వాడతాం. ప్రొటీన్ తయారు చేయం. ప్లాస్మిడ్‌లో ఈ ముక్క ముందు ప్రమోటర్ (జన్యువును పని చేయించే భాగం) లేదు. బతికున్న ఆంత్రాక్స్ బ్యాక్టీరియాతో ఈ ల్యాబులో పని లేదు. ప్లాస్మిడ్ తాళం వేసిన మైనస్ 20 ఫ్రీజర్‌లో ఉంటుంది. ఐబీఎస్‌సీ అనుమతి ప్రతి, గైడ్ సంతకం జతచేశాం."

"పరిశోధన నిమిత్తం" అని ఒక్క ముక్క రాసి పంపితే ప్రశ్నలు వెనక్కి వస్తాయి, నెలలు పోతాయి.

అనుమతి ఎవరిది

పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన 1989 నిబంధనలే ఈ పనులకు ఆధారం. 2017 మార్గదర్శకాల ప్రకారం మొదటి కేటగిరీ ప్రయోగాలకు ఐబీఎస్‌సీకి తెలియజేస్తే చాలు, రెండో దానికి దాని ముందస్తు అనుమతి కావాలి, మూడో దానికీ ఆపైవాటికీ ఐబీఎస్‌సీ దాటి బయోటెక్నాలజీ శాఖ కమిటీ ఆర్‌సీజీఎం దాకా వెళ్లాలి. ఆర్డర్ పెట్టాక అనుమతి అడగడం మన దగ్గర అలవాటు, దాన్ని మానుకోవాలి.

మనిషిని చూడటం

హాస్టల్ చిరునామా, సొంత జీమెయిల్, గైడ్‌కు తెలియని ఆర్డర్: మూడింట్లో ఏది కనిపించినా ఆపి గైడ్‌కు ఫోన్ చేయండి. ఎక్కువసార్లు ఇది అనుభవం లేక జరిగేదే. జీవి పేరు చెప్పలేకపోవడం, ట్యూబు మీద పేరు మార్చమనడం, చివరి నిమిషంలో డెలివరీ చిరునామా మార్చడం, డబ్బు విచిత్రమైన దారిలో కట్టడం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వాదన పెట్టుకోకుండా ఆర్డర్ నిలిపి, రాతపూర్వకంగా ఐబీఎస్‌సీ ఛైర్మన్‌కూ బయోసేఫ్టీ ఆఫీసర్‌కూ చెప్పండి. జీవాయుధాల విషయంలో 2005 నాటి సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం వర్తిస్తుంది. ఒక గుమాస్తానో స్కాలరో తేల్చే విషయం కాదు.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఒకటుంది. ఆర్డర్లు హైదరాబాద్, బెంగళూరు డిస్ట్రిబ్యూటర్ల ద్వారా వెళ్తాయి. తయారుచేసే కంపెనీకి డిస్ట్రిబ్యూటర్ పేరే కనిపిస్తుంది, అసలు వాడేవారు కనిపించరు. కొటేషన్ దశలోనే వాడేవారి పేరు, డిపార్ట్‌మెంట్, సంస్థ ఈమెయిల్ తుది వినియోగదారు వివరాల్లో రాయించండి. పర్చేజ్ ఆర్డర్‌లో పేరూ, ఉత్తరంలో పేరూ, డెలివరీ చిరునామా ఒకటే ఉండాలి. స్పెల్లింగ్ తేడా ఉన్నా పార్సిల్ ఆగిపోతుంది.

వచ్చాక ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో కాసేపు తిప్పి అప్పుడే మూత తీయండి, లేకపోతే పొడి ఎగిరిపోతుంది. ట్యూబు నంబరును రిజిస్టర్‌లో ఎక్కించండి. హిట్ వచ్చిన ఆర్డర్ల వరుస, ఉత్తరం, నిర్ణయం, దాని కారణం కనీసం 8 ఏళ్లు దాచండి; కంపెనీలు పాటించే గడువు అదే. ఇంకో ల్యాబు ఆ ప్లాస్మిడ్ అడిగితే వాళ్ల ఐబీఎస్‌సీ లేఖ వచ్చాకే ఇవ్వాలి. విదేశీ ల్యాబుకు పంపాలంటే, అది స్కోమెట్ పరిధిలోకి వచ్చేదైతే డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) అనుమతి వచ్చేదాకా ట్యూబు ఫ్రీజర్ దాటకూడదు.