ఇంటి లోను ముందే తీర్చేస్తే ఛార్జీ పడుతుందా? పడితే ఎంత, ఎలా లెక్క చూసుకోవాలి?

గుంటూరు యార్డులో మిర్చి అమ్మిన డబ్బు, ఊళ్లో పొలం అమ్మితే వచ్చిన వాటా, రిటైరైనప్పుడు అందిన పీఎఫ్... ఇలా పెద్ద మొత్తం చేతికి రాగానే ఇంటి లోను తీర్చేద్దామనిపించడం సహజం. తీరా బ్రాంచికి వెళ్తే "ఫోర్‌క్లోజర్ ఛార్జీ రెండు శాతం అవుతుందండీ" అంటారు. ఆ మాట విని కొందరు వెనక్కి వచ్చేస్తారు, కొందరు మారుమాట లేకుండా కట్టేస్తారు. రెండూ నష్టమే. ఛార్జీ పడాలా వద్దా అన్నది కౌంటర్‌లో కూర్చున్నవారి ఇష్టం కాదు. మీ లోను కాగితం, రిజర్వ్ బ్యాంకు నిబంధన కలిసి తేల్చే విషయం అది.

ముందు శాంక్షన్ లెటర్ తీయండి

అందులో "వడ్డీ రకం" అన్న గడిలో ఏముందో చూడండి. ఫ్లోటింగ్ (మార్కెట్ రేట్లను బట్టి మారే వడ్డీ) అని ఉండి, లోను వ్యక్తుల పేరు మీద ఉండి, ఇల్లు కొనడానికో కట్టుకోవడానికో తీసుకున్నదైతే ముందస్తు ఛార్జీ ఒక్క రూపాయి కూడా వేయకూడదు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఈ నిబంధన 2011లో, బ్యాంకులకు 2012లో వచ్చింది. భార్యాభర్తలిద్దరూ కలిసి తీసుకున్నా, కొడుకు కో-అప్లికెంట్‌గా ఉన్నా ఇదే వర్తిస్తుంది. డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారన్నదీ లెక్కలోకి రాదు. సొంత సొమ్ముతో కట్టినా, వేరే బ్యాంకుకు లోను మార్చుకుని కట్టినా ఒకటే.

రిజర్వ్ బ్యాంకు 2025 జూలై 2న మరో ఉత్తర్వు ఇచ్చింది. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే, రెన్యువల్ అయ్యే లోన్లకు ఇది వర్తిస్తుంది. ఇన్నేళ్ల దాకా తీర్చకూడదన్న లాక్-ఇన్ షరతు పెట్టి ఛార్జీ వేయడానికి ఇందులో వీల్లేదు. శాంక్షన్ లెటర్‌లో, లోను షరతులు, ఛార్జీలు క్లుప్తంగా చెప్పే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ముందే రాయని ఛార్జీని తర్వాత వసూలు చేయడానికీ వీల్లేదు. వ్యక్తులు, చిన్న సంస్థలు వ్యాపారం కోసం తీసుకున్న ఫ్లోటింగ్ లోన్లకు కూడా పెద్ద వాణిజ్య బ్యాంకులు ఛార్జీ వేయకూడదు. గ్రామీణ బ్యాంకులు, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకుల వంటివైతే మంజూరైన మొత్తం 50 లక్షల వరకు ఉన్నవాటికే ఆ మినహాయింపు ఇవ్వాలి. విజయవాడ బీసెంట్ రోడ్డులో షాపు పెట్టుబడికి ఇల్లు తాకట్టు పెట్టినవారు తమ లోను మంజూరైన తేదీని తప్పక చూసుకోవాలి. 2025 డిసెంబరులో మంజూరైనదానికీ, తర్వాతి నెలలో మంజూరైనదానికీ లెక్క వేరు.

ఫిక్స్‌డ్ అయితే ఏమిటి?

ఫిక్స్‌డ్ అంటే మారని వడ్డీ. ఛార్జీ సాధారణంగా పడేది ఇక్కడే. చాలా సంస్థలు ముందుగా కట్టే మొత్తంపై రెండు శాతం దాకా వేసి, దాని మీద 18 శాతం జీఎస్టీ కలుపుతాయి. బాకీ 20 లక్షలుంటే 40,000, జీఎస్టీ 7,200, మొత్తం 47,200 రూపాయలు. ఛార్జీని కట్టే మొత్తంపైనే లెక్కించాలి. మొదట మంజూరైన 30 లక్షల మీద వేస్తే ఒప్పుకోకండి.

2026కు ముందు హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ దగ్గర ఫిక్స్‌డ్ వడ్డీకి ఇంటి లోను తీసుకున్నవారికి ఒక వెసులుబాటు ఉంది. వేరే బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీల నుంచి అప్పు తేకుండా సొంత డబ్బుతో మూసేస్తే ఛార్జీ ఉండదు. అందుకు రుజువు అడుగుతారు. పొలం అమ్మిన దస్తావేజు నకలు, ఆ సొమ్ము జమైన బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకెళ్లండి. మిర్చి డబ్బయితే కమిషన్ ఏజెంటు ఇచ్చిన అమ్మకం చీటీ, అంటే తక్‌పట్టీ, అది ఖాతాలో పడిన ఎంట్రీ చూపించండి. నగదుగా తీసుకుని ఇంట్లో ఉంచిన డబ్బుకు రుజువు చూపడం కష్టమవుతుంది. అందుకే మొదటి నుంచీ ఖాతాలోనే వేయించుకోండి.

మొదటి రెండు మూడేళ్లు ఫిక్స్‌డ్, ఆ తర్వాత ఫ్లోటింగ్‌గా ఉండే లోన్లూ ఉన్నాయి. కొత్త ఉత్తర్వు పరిధిలోకి వచ్చే లోన్లకు, మీరు డబ్బు కట్టే రోజున లోను ఏ వడ్డీలో నడుస్తోందన్నదే చూస్తారు. ఫిక్స్‌డ్ గడువు రెండు నెలల్లో ముగుస్తుంటే ఆగండి. ఆ రెండు నెలల్లో మీ డబ్బు వల్ల ఆదా అయ్యే వడ్డీ ఎంత, పడే ఛార్జీ ఎంత అని పోల్చుకుంటే సరిపోతుంది. 20 లక్షలపై 9 శాతం లెక్కన రెండు నెలల వడ్డీ సుమారు 30,000, ఛార్జీ 47,200. ఆగితేనే మేలు. నాలుగు నెలలైతే వడ్డీయే 60,000 అవుతుంది కాబట్టి ఛార్జీ కట్టేసినా నష్టం లేదు.

కొంత కడుతున్నారా? అసలు శ్రద్ధ ఇక్కడ కావాలి

ఛార్జీ గురించి అంత భయపడేవారు పార్ట్ పేమెంట్ దగ్గర దానికి ఎన్నో రెట్లు పోగొట్టుకుంటారు. లెక్క చూడండి. 8.5 శాతానికి 20 ఏళ్లకు 30 లక్షలు తీసుకుంటే ఈఎంఐ 26,035. ఐదేళ్లు కట్టాక అసలు ఇంకా 26 లక్షల 44 వేల దగ్గర ఉంటుంది. ఇప్పుడు 3 లక్షలు కట్టారనుకుందాం.

ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించుకుంటే మిగిలిన 180 నెలలు 144కు దిగుతాయి. మూడేళ్ల ముందే అప్పు తీరిపోతుంది, సుమారు 6 లక్షల 40 వేల వడ్డీ మిగులుతుంది. గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించుకుంటే నెలకు 2,954 తగ్గుతుంది, చివరికి మిగిలేది 2 లక్షల 30 వేలు మాత్రమే. కట్టింది అదే 3 లక్షలు. నెల గడవడం నిజంగా కష్టంగా ఉంటే తప్ప గడువు తగ్గించుకోవడమే సరైన దారి.

డబ్బు కట్టేటప్పుడు రాతపూర్వకంగా ఒక లెటర్ ఇవ్వండి: "ఈ మొత్తాన్ని అసలులో జమ చేయండి, ఈఎంఐ మార్చకుండా గడువు తగ్గించండి." లెటర్ రెండో ప్రతిపై బ్రాంచి స్టాంపు, తేదీ వేయించుకోండి. ఇది ఎందుకంత ముఖ్యమంటే, ఏమీ చెప్పకుండా ఖాతాలో వేస్తే కొన్ని చోట్ల ఆ సొమ్మును అడ్వాన్స్ ఈఎంఐగా రాస్తారు. అప్పుడు అసలు తగ్గదు. మీ డబ్బు అక్కడ ఊరికే పడి ఉంటుంది, వడ్డీ మాత్రం పాత బాకీ మీదే నడుస్తుంది. వారం తర్వాత లోను స్టేట్‌మెంట్ తీసి చూడండి. బాకీ కాలమ్‌లో 3 లక్షలు తగ్గి కనిపించాలి, మిగిలిన నెలల సంఖ్య కూడా మారాలి. అసలు తగ్గకుండా అడ్వాన్స్ అనో, ఎక్సెస్ అనో ఉంటే అదే రోజు మెయిల్ పెట్టండి.

ఏ తేదీన కడుతున్నారన్నదీ చూసుకోవాలి. బ్యాంకుల్లో మామూలుగా రోజువారీ బాకీ మీద వడ్డీ లెక్కిస్తారు. కొన్ని ఫైనాన్స్ కంపెనీల్లో నెలవారీ లెక్క ఉంటుంది. నెలవారీ అయితే వాళ్ల కటాఫ్ తేదీ ముందే కనుక్కుని ఆ లోపు కట్టండి.

పాత పన్ను విధానంలో ఉన్నవారు ముందుగా కట్టిన అసలును కూడా పన్ను మినహాయింపుకున్న లక్షన్నర పరిమితిలో చూపించుకోవచ్చు. పీఎఫ్, ఎల్ఐసీతోనే ఆ పరిమితి నిండిపోయి ఉంటే కొత్తగా వచ్చే లాభం ఏమీ లేదు.

వేరే బ్యాంకుకు మార్చాలనుకుంటే

ఫిక్స్‌డ్ లోను 20 లక్షలు, ఇంకా 12 ఏళ్లు, వడ్డీ 10.5 శాతం అనుకోండి. ఈఎంఐ 24,483. 8.75 శాతానికి మారితే 22,480, అంటే నెలకు సుమారు 2,000 ఆదా. పాత సంస్థకు ఛార్జీ 47,200. కొత్త బ్యాంకులో ప్రాసెసింగ్, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, తాకట్టు రిజిస్ట్రేషన్ కలిపి ఒక 30,000 వేసుకుంటే మొత్తం 77,200. ఇది తిరిగి రావడానికే మూడేళ్ల పైన పడుతుంది. నాలుగేళ్లలో ఇల్లు అమ్మే ఉద్దేశం ఉంటే ఈ శ్రమ అక్కర్లేదు.

ఫ్లోటింగ్ లోనులో ఉన్నవారు బయటికి వెళ్లే ముందు సొంత బ్యాంకునే అడగాలి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్త ఫ్లోటింగ్ ఇంటి లోన్లను రెపో రేటు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ) వంటి బయటి ప్రమాణానికే ముడిపెడుతున్నాయి. అంతకుముందు తీసుకున్న లోను ఇంకా పాత పద్ధతిలోనే ఉంటే కొద్దిపాటి కన్వర్షన్ ఫీజుతో మారవచ్చు.

పూర్తిగా తీర్చాక

మూసే ముందు ఫోర్‌క్లోజర్ లెటర్ అడగండి. అసలు, ఆ తేదీ వరకు వడ్డీ, ఆ తర్వాత రోజుకు ఎంత పెరుగుతుంది, చెక్ బౌన్స్ ఛార్జీలు, పీనల్ ఛార్జీలు అన్నీ విడివిడిగా ఉండాలి. "ఇతర ఛార్జీలు" అని ఒకే అంకె రాసి ఉంటే అదేమిటో రాతలో చెప్పమనండి. ఫోర్‌క్లోజర్ ఛార్జీ మాఫీ అయ్యాక అదే సొమ్ము మరో పేరుతో అందులోకి రాకూడదు.

డబ్బు చేరిన 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు తిరిగి ఇవ్వాలి, తాకట్టు నమోదు తొలగించాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు చెల్లించాలి. ఇది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. లోను ఇచ్చినప్పటి డాక్యుమెంట్ల జాబితా దగ్గర పెట్టుకుని, సేల్ డీడ్ నుంచి లింకు డాక్యుమెంట్లు, ప్లాను దాకా ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ తీసుకోండి. నో డ్యూస్ లెటర్ తీసుకుని, ఈఎంఐ కోసం ఇచ్చిన ఆటో డెబిట్‌ను రద్దు చేయించండి. లోనుతో పాటు ఒకేసారి ప్రీమియం కట్టి ఇన్సూరెన్స్ తీసుకుని ఉంటే, మిగిలిన కాలానికి ఎంత వెనక్కి వస్తుందో అడగండి.

తాకట్టు పత్రం విజయవాడ పటమట, గుంటూరు కొరిటెపాడు, మరెక్కడైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయి ఉంటే, బ్యాంకు ప్రతినిధి సంతకంతో విడుదల పత్రం కూడా అక్కడే రిజిస్టర్ చేయించాలి. చాలామంది ఈ పని మానేస్తారు. ఏళ్ల తర్వాత ఇల్లు అమ్మబోయేటప్పుడు ఈసీలో (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే పత్రం) తాకట్టు అలాగే కనిపిస్తుంది, అప్పటికి ఆ బ్రాంచి మరో బ్యాంకులో కలిసిపోయి ఉండవచ్చు. రిజిస్ట్రేషన్ అయ్యాక కొత్త ఈసీ తీయించి, విడుదల ఎంట్రీలో సర్వే నంబరు, ఫ్లాటు నంబరు సరిగ్గా పడ్డాయో చూసుకోండి.

ఛార్జీ తప్పుగా వేశారనిపిస్తే ముందు ఆ సంస్థకే రాతలో ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, బ్యాంకుల విషయంలో, ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పంపవచ్చు, ఫీజు లేదు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ మీదైతే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు పంపాలి. శాంక్షన్ లెటర్‌లో వడ్డీ రకం ఉన్న పేజీ, ఫోర్‌క్లోజర్ లెటర్, కట్టిన రసీదు, మీ ఫిర్యాదు నకలు జతచేయండి.